పేరు తెలిసినవారికే కన్నీళ్లు

పేరుప్రఖ్యాతులున్న వ్యక్తి ఎవరైనా కన్నుమూసిన రోజున ఫోన్లలో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఒక పక్కన పూలదండల మధ్య ఆ కళాకారుడి చిత్రం, మరో పక్కన జెండా కప్పిన శవపేటిక, కింద "ఈయన కోసం దేశమంతా ఏడ్చింది, ఇతని కోసం ఏడ్చినవారెవరు?" అన్న ప్రశ్న. చాలా ఏళ్ల క్రితం ఒక గాయకుడు మరణించిన రాత్రి ఆ సందేశాన్ని నేను కూడా పదిమందికి పంపాను. పంపిన క్షణంలో ఏదో న్యాయమైన పని చేశానన్న తృప్తి కలిగింది. ఆ పదిమందిలో నాతో కలిసి పనిచేసే ఒకాయన ఉన్నారు. ఆయన అన్నయ్య సైన్యంలో పనిచేస్తూ విధినిర్వహణలో మరణించారని నాకు తెలుసు. నిజం చెప్పాలంటే, ఆయన మెచ్చుకుంటారన్న ఉద్దేశంతోనే ఆయనకు పంపాను.

మరునాడు ఆయన నా దగ్గరికి వచ్చి, కోపమేమీ లేకుండా, నెమ్మదిగా రెండు మాటలు చెప్పారు. ఆ పేటికలో ఉన్నది ఎవరో సందేశం తయారుచేసినవారికీ తెలియదు, పంపినవారికీ తెలియదన్నది మొదటి మాట. ముందురోజు రాత్రంతా తాను ఆ గాయకుడి పాటలే వింటూ కూర్చున్నానన్నది రెండో మాట. "మా అన్నయ్య సెలవు మీద ఇంటికొస్తే పొద్దున లేచింది మొదలు ఆయన పాటలే పెట్టేవాడండీ. టేపు నలిగిపోయి ఒక పాట మధ్యలో గొంతు సాగేది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడ విన్నా, ఆ చోటికి రాగానే నాకు ఆ సాగిన గొంతే వినిపిస్తుంది. నిన్న రాత్రి నేను ఎవరి కోసం ఏడ్చానో నాకే సరిగ్గా తెలియదు. మీరు పంపిన దాంట్లో మాత్రం ఇద్దరిలో ఎవరో ఒకరి కోసమే ఏడవాలన్నట్టు ఉంది."

అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఇన్నాళ్లకు ఆయనకు చెప్పుకుంటున్న జవాబు. ప్రాణాలిచ్చిన సైనికులకు తగిన గుర్తింపు దక్కడం లేదన్న ఆవేదనలో నిజం ఉంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా అంగీకరిస్తాను. ఆ లోటుకు కళాకారుల కోసం ఏడ్చేవారే కారణమన్న నింద మాత్రం అన్యాయం. శోకం పరిచయం నుంచి పుడుతుంది. ఎరగని మనిషి కోసం శోకించమని ఎవరినీ శాసించలేము. సైనికుడికి సమాజం చెల్లించవలసింది శోకం కన్నా ముందు ఋణం. దానికి పరిచయం అక్కరలేదు గాని, ఎవరికి బాకీ పడ్డామో వారి పేరైనా తెలిసి ఉండాలి.

కళాకారుల మరణానికి కలిగే దుఃఖాన్ని వెర్రి అభిమానమని తీసిపారేయడం సులువు. 1926 ఆగస్టు 23న మూకీ చిత్రాల నటుడు రుడాల్ఫ్ వాలెంటినో 31 ఏళ్ల వయసులో న్యూయార్క్‌లో చనిపోయినప్పుడు, ఆయన భౌతికకాయాన్ని ఉంచిన భవనం చుట్టూ లక్షమంది దాకా పోగయ్యారు. తోపులాటలో కిటికీ అద్దాలు పగిలాయి, గుర్రాలెక్కిన పోలీసులు జనాన్ని అదుపుచేయవలసి వచ్చింది. ఆ గుంపులో ఆయనతో ఒక్కమాటైనా మాట్లాడినవారు బహుశా వేళ్లమీద లెక్కపెట్టేంతమంది కూడా ఉండరు. ఇలాంటి బంధం ఎలా ఏర్పడుతుందో 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు విడమరిచి రాశారు. తెర మీది మనిషి మనల్ని ఎరగడు, మనకు మాత్రం అతని నవ్వూ నడకా మాట విరుపూ ఇంట్లోవాళ్లవంత బాగా తెలుసు. ఇరవై ముప్పై ఏళ్లు ఒక గొంతు వింటూ పెరిగినవారికి ఆ గొంతు తమ చదువుల జ్ఞాపకాలతో, ప్రేమలతో, నిద్రపట్టని రాత్రులతో విడదీయలేనంతగా కలిసిపోయి ఉంటుంది. అది ఆగిపోయిందని తెలిసిన రోజున వారు ఏడ్చేది చాలావరకు గడిచిపోయిన తమ జీవితం కోసమే. అందులో సిగ్గుపడవలసినదేమీ నాకు కనిపించదు.

సైనికుడి విషయంలో అలాంటి పరిచయానికి చోటే లేదు. అతని పేరు మనం మొదటిసారి వినేది అతను చనిపోయాక, అదీ వినిపిస్తేనే. నటుడు పోతే పత్రిక "ఇక లేరు" అని మొదలుపెట్టి, బాల్యం, తొలి అవకాశం, పడ్డ కష్టాలు, చివరి మాటలు అన్నీ పేజీలకు పేజీలు చెబుతుంది. సైనికులు పోతే "నలుగురు జవాన్ల మృతి" అని ఒక అంకెతో మొదలై ఆ అంకెతోనే ముగుస్తుంది. పేరు రాసినా దాని ముందు హోదా, వెనుక ఊరు తప్ప మనిషి ఉండడు. అతనికి ఈత వచ్చా, అప్పులున్నాయా, చెల్లెలితో పోట్లాడి మాట్లాడడం మానేశాడా, ఉత్తరాల్లో ఏం రాసేవాడు, ఇవేవీ మనకు చేరవు. మనసు అంకెలకు కరగదని అందరికీ తెలుసు. తెలిసి కూడా అంకెనే ముందు పెట్టి, ఆనక జనం ఎందుకు కరగలేదని నిలదీయడం సబబేనా అని నాకు అనిపిస్తుంది.

ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక 1919 జూలై 19న లండన్‌లో జరిగిన విజయోత్సవ కవాతు కోసం వాస్తుశిల్పి ఎడ్విన్ లట్యెన్స్ చేత వైట్‌హాల్ వీధిలో కర్రతో, ప్లాస్టరుతో ఒక కట్టడాన్ని నిలబెట్టించారు. శరీరం లేని సమాధి అన్న అర్థంలో దానికి సెనటాఫ్ అని పేరు. కవాతు అయ్యాక తీసేయాలన్నది ప్రభుత్వ ఉద్దేశం. కాని జనం తీయనివ్వలేదు. కొడుకుల సమాధులు ఎక్కడో సముద్రానికి అవతల ఉన్న తల్లులు, అసలు సమాధే లేనివారి భార్యలు వచ్చి దాని పాదాల దగ్గర పూలు పెట్టడం మొదలుపెట్టారు. పూలు గుట్టలయ్యాయి. యుద్ధంలో చనిపోయినవారి శరీరాలను స్వదేశానికి తీసుకురాకూడదని ప్రభుత్వం అప్పటికే నిర్ణయించి ఉండడంతో, వారికి తలవాల్చి ఏడవడానికి ఆ తాత్కాలిక కట్టడం తప్ప మరేమీ దొరకలేదు. చివరికి దాదాపు అదే రూపంలో రాతి కట్టడం కట్టి 1920 నవంబర్ 11న ఆవిష్కరించారు. ప్రభుత్వం రాసిచ్చిన శోకం కాదది, ప్రజలే పట్టుబట్టి నిలబెట్టుకున్న శోకం.

అదే రోజున లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబీ అనే చర్చిలో పేరు తెలియని ఒక సైనికుణ్ణి రాజుల సమాధుల మధ్య పూడ్చారు. ఆ ఆలోచన డేవిడ్ రెయిల్టన్ అనే సైనిక మతబోధకుడిది. 1916లో ఫ్రాన్స్‌లోని ఆర్మెంటియేర్ దగ్గర ఒక ఇంటి పెరట్లో ఆయనకు ఒక సమాధి కనిపించింది. దాని మీద నాటిన మొరటు కర్ర శిలువ పైన పెన్సిల్‌తో "పేరు తెలియని బ్రిటిష్ సైనికుడు" అని రాసి ఉంది. ఆ పెన్సిల్ రాత ఆయన్ని వదల్లేదు. నాలుగేళ్ల తర్వాత ఆ అజ్ఞాత సైనికుడి సమాధి ముందు నడిచిన లక్షలాదిమందిలో ప్రతి తల్లీ అది తన బిడ్డే కావచ్చుననుకునే వీలు దొరికింది. అబీలో నేలమీద ఎన్నో సమాధి ఫలకాలున్నా, ఎవరూ కాలుమోపకుండా పక్కనుంచి నడిచే సమాధి అదొక్కటే. 1997 సెప్టెంబర్ 6న ప్రపంచమంతా కన్నీళ్లతో చూసిన డయానా అంత్యక్రియలు జరిగింది కూడా ఆ కప్పు కిందే. ఈ రెండింటినీ ఒకదానికి ఒకటి పోటీగా నిలబెట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ప్రజల మనసుల్లో లేదు. అప్పుడు దాదాపు ప్రతి వీధిలోనూ చావు జరిగింది, సైనికుడంటే ఎదురింటి అబ్బాయి. ఇవాళ చాలా దేశాల్లో సైన్యమంటే జనాభాలో కొద్దిమంది ఎంచుకున్న వృత్తి, మిగిలినవారికి ఆ ఇళ్లతో రాకపోకలే ఉండవు. దూరం పెరిగినచోట పరిచయం తగ్గింది, పరిచయం తగ్గినచోట శోకమూ తగ్గింది.

దీనికితోడు, ఆ చావులు ప్రజల కంట పడకుండా చేసింది చాలాసార్లు ప్రభుత్వాలే. అమెరికాలో డోవర్ వైమానిక స్థావరానికి చేరే శవపేటికలను ఫోటో తీయరాదని 1991లో గల్ఫ్ యుద్ధ సమయంలో నిషేధం పెట్టారు. అది 2009 దాకా కొనసాగింది. ఇరాక్, ఆఫ్ఘానిస్తాన్ యుద్ధాల తొలి సంవత్సరాలలో ఆ దేశ ప్రజలు తమ సైనికుల పేటికలు వరుసగా దిగడాన్ని చూడలేకపోయింది అందుకే. 2009లో నిషేధం ఎత్తివేసి, అనుమతి ఇవ్వాలా వద్దా అన్నది కుటుంబానికే వదిలిపెట్టారు. నా దృష్టిలో అదే సరైన పద్ధతి, ఆ దుఃఖానికి హక్కుదారులు వారే కనుక. రష్యాలో 2015లో శాంతికాలపు ప్రత్యేక సైనిక చర్యలలో జరిగే మరణాలను కూడా రాజ్యరహస్యాల జాబితాలో చేర్చారు. 2020 జూన్ 15న గల్వాన్ లోయ ఘర్షణలో 20 మంది సైనికులు మరణించారని భారత్ మరునాడే ప్రకటించింది. చైనా తన వైపు మరణించిన నలుగురి పేర్లు బయటపెట్టడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ ఆ నాలుగు కుటుంబాలు తమ బిడ్డ ఎలా పోయాడో లోకానికి చెప్పుకోలేక ఎంత నలిగిపోయి ఉంటాయో ఊహించుకుంటే గుండె బరువెక్కుతుంది. చనిపోయినవారిని దాచిపెట్టింది పాటలు విని ఏడ్చిన అభిమానులు కారు.

ఈ విషయంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన దేశం అర్జెంటీనా. 2020 నవంబర్ 25న ఫుట్‌బాల్ ఆటగాడు డియేగో మారడోనా మరణిస్తే అక్కడ మూడు రోజులు జాతీయ సంతాపం పాటించారు. అధ్యక్ష భవనంలో ఉంచిన పేటికను చూడడానికి, మహమ్మారిని కూడా లెక్కచేయకుండా జనం పోటెత్తారు, పోలీసులతో ఘర్షణలు జరిగాయి. అదే దేశం 1982లో ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటన్‌తో జరిగిన యుద్ధంలో 649 మందిని పోగొట్టుకుంది. వారిలో చాలామంది నిర్బంధ సైనిక సేవలో ఉన్న పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రవాళ్లు. ఓడి తిరిగివచ్చినవారిని, అక్కడ జరిగింది బయట చెప్పవద్దని సైనిక పాలకులు నోరు మూయించారు. చనిపోయినవారిలో ఎందరో ఆ చలినేలలోనే ఉండిపోయారు.

పైపైన చూస్తే ఫుట్‌బాల్ ఆటగాడి కోసం వీధుల్లోకి వచ్చి, సైనికులను మరిచిపోయిన జాతి అది అనిపిస్తుంది. కాని 1986 జూన్ 22న మెక్సికోలో ఇంగ్లండ్‌తో జరిగిన పోటీలో మారడోనా రెండు గోల్స్ చేసి గెలిపించినప్పుడు ఆ దేశం ఎందుకంతగా ఏడ్చి నవ్విందో తెలుసుకుంటే ఆ మాట నిలవదు. ఆటకూ యుద్ధానికీ సంబంధం లేదని పోటీకి ముందు తామంతా అన్నా, మనసుల్లో ఉన్నది ఆ దీవుల్లో పోయిన పిల్లలేనని మారడోనా తర్వాతి కాలంలో చెప్పారు. ప్రభుత్వం బహిరంగంగా ఏడవనివ్వని శోకానికి ఆ ఆట ఒక దారి ఇచ్చింది. ముప్పై నాలుగేళ్ల తర్వాత ఆయన పేటిక వెంట నడిచినవారిలో ఆ యుద్ధంలో తమ్ముణ్ణో స్నేహితుణ్ణో పోగొట్టుకున్నవారు ఉండి ఉంటారు. వారు ఎవరి కోసం ఏడ్చారని ఎవరు అడగగలరు? నా సహోద్యోగి మాట నాకు అర్థమైంది ఈ కథ తెలిశాకే.

ఆ కుర్రవాళ్లకు పేర్లు తిరిగి వచ్చిన తీరు కూడా చెప్పుకోవలసినది. 1983లో యుద్ధభూమిలో చెల్లాచెదురుగా పడివున్న అర్జెంటీనా సైనికుల శరీరాలను సేకరించి డార్విన్ అనే చోట ఖననం చేసే బాధ్యత జెఫ్రీ కార్డోజో అనే బ్రిటిష్ అధికారికి అప్పగించారు. ఎదురుపక్షం సైనికులే అయినా, వారి తల్లులు ఎప్పటికైనా వెతుక్కుంటూ వస్తారన్న నమ్మకంతో ఆయన ఒక్కొక్క శరీరాన్నీ మూడు పొరల సంచుల్లో చుట్టించి, ఎక్కడ దొరికిందో చెరగని సిరాతో రాయించారు. గుర్తించలేనివారి సమాధుల మీద "దేవుడికి మాత్రమే తెలిసిన అర్జెంటీనా సైనికుడు" అని చెక్కించారు. ఆయన భద్రపరిచిన వివరాలు దశాబ్దాల తర్వాత ఆ యుద్ధంలో పోరాడిన అర్జెంటీనా మాజీ సైనికుల చేతికి చేరాయి. రెండు ప్రభుత్వాల ఒప్పందంతో 2017లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ నిపుణులు 120కి పైగా సమాధులను తెరిచి, బంధువుల డీఎన్ఏతో పోల్చి, క్రమంగా వందమందికి పైగా గుర్తించారు. 2018 మార్చిలో 200 మందికి పైగా బంధువులు విమానాల్లో వెళ్లి, మూడున్నర దశాబ్దాల తర్వాత, పేరున్న రాయిని చేత్తో తడిమారు. ఋణం తీర్చుకోవడం అని నేను అంటున్నది ఇలాంటి పనినే. ఇందులో కెమెరాల కోసం చేసినది ఏమీ లేదు.

ఇప్పుడు ఆ సందేశం దగ్గరికే వస్తాను, దాని వెనుక నిజమైన నొప్పి కూడా ఉంటుంది కనుక. మైకేల్ జాక్సన్ 2009 జూన్ 25న మరణించారు. జూలై 7న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన సంస్మరణ సభకు ఉన్న 17,500 టికెట్ల కోసం దాదాపు 16 లక్షలమంది పేర్లు నమోదు చేసుకున్నారు. జాక్సన్ చనిపోయిన రోజునే ఆఫ్ఘానిస్తాన్‌లో పేలుడులో మరణించిన ఒక యువ అధికారి బంధువు ఒకావిడ, తమవాడి గురించి, ఆ వారం పోయిన ఇతర సైనికుల గురించి వార్తలు ఎక్కడని అడుగుతూ ఒక పత్రికకు ఉత్తరం రాశారు. ఆ ప్రశ్నను నేను శిరసావహిస్తాను. ఆవిడకు తమవాడి పేరు తెలుసు, అతను ఎలాంటివాడో తెలుసు, అడిగే హక్కు ఉంది. దానికి జవాబుగా ఆ అధికారి శరీరాన్ని తరలించిన విమాన సిబ్బంది మరో ఉత్తరం రాశారు. రాత్రి చీకట్లో తాము దిగినప్పుడు తోటి సైనికులు బారులుతీరి నిలబడి అతన్ని ఎలా సాగనంపారో, ఎవరిని కదిలించినా అతని గురించి ఎంత మంచిగా చెప్పారో అందులో ఉంది. తెలిసినవారు అతన్ని పూర్తి గౌరవంతో సాగనంపారన్నమాట. లోకానికి తెలియకపోవడమే అక్కడి లోటు.

తెలియనివారు తెలుసుకోవడానికి ముందుకొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని వూటన్ బాసెట్ ఒక చిన్న పట్టణం. 2007 ఏప్రిల్ నుంచి దగ్గరలోని లైన్‌హామ్ స్థావరానికి చేరే సైనికుల పేటికలు ఆ పట్టణపు ప్రధాన వీధి మీదుగా వెళ్లేవి. మొదట కొందరు మాజీ సైనికులు వీధి పక్కన నిలబడి వందనం చేశారు. తర్వాత దుకాణాలవారు, బజారుకు వచ్చినవారు ఎక్కడివారక్కడ ఆగి నిలబడడం మొదలైంది. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఉపన్యసించలేదు. చర్చి గంట మోగేది, వాహనాలు యుద్ధస్మారకం దగ్గర ఒక్క నిమిషం ఆగి కదిలేవి. 2011 ఆగస్టు దాకా 167 సార్లు, 345 మంది కోసం వారు అలా నిలబడ్డారు. వానలోనూ నిలబడ్డారు, టీవీవాళ్లు రాని రోజుల్లోనూ నిలబడ్డారు. బెల్జియంలోని ఈప్ర పట్టణంలో మెనిన్ ద్వారం కింద, మొదటి ప్రపంచయుద్ధంలో పోయి శరీరాలు దొరకని 54,000 మందికి పైగా సైనికుల పేర్లు చెక్కిన గోడల మధ్య, 1928 నుంచి ప్రతి సాయంత్రం ఎనిమిదింటికి బాకా ఊది వందనం చేస్తున్నారు. జర్మన్ ఆక్రమణ కాలంలో ఆగిన ఆ వందనం 1944 సెప్టెంబర్ 6న, పట్టణం విముక్తి పొందిన సాయంత్రమే మళ్లీ మొదలైంది. నాకు నచ్చే గుర్తింపు ఇలాంటిది. ఒక్కరోజున పొంగి మరునాటికి చల్లారిపోయేది కాకుండా, పనిగా పెట్టుకుని రోజూ చేసేది.

కొందరు అడుగుతారు, యుద్ధమే తప్పైనప్పుడు సైనికుణ్ణి గౌరవించడం ఆ తప్పును సమర్థించడం కాదా అని. ఇది తీసిపారేయదగిన ప్రశ్న కాదు. సైనికుల శవాలను అడ్డుపెట్టుకుని తమను ప్రశ్నించేవారి నోళ్లు మూయించే నాయకులు ప్రతి దేశంలోనూ ఉంటారు. అయినా గౌరవానికీ సమర్థనకూ మధ్య దారి ఉందని వాషింగ్టన్‌లోని వియత్నాం స్మారకం చూపిస్తుంది. దాని రూపకల్పన పోటీలో 1981లో గెలిచిన మాయా లిన్‌కు అప్పటికి 21 ఏళ్లు, ఇంకా విద్యార్థిని. నేలలోకి దిగే నల్లరాతి గోడ మీద 58,000కు పైగా పేర్లు, హోదాలు లేకుండా, అక్షరక్రమంలో కాకుండా, ప్రాణం పోయిన తేదీల వరుసలో ఉంటాయి. కలిసి చనిపోయినవారు అక్కడ కూడా దగ్గరదగ్గరగానే ఉంటారు. యుద్ధం న్యాయమైనదని గాని కాదని గాని ఆ గోడ చెప్పదు. నునుపుగా ఉన్న ఆ రాతిలో పేరు చదివేవారి ముఖం పేరు మీదే కనిపిస్తుంది. చాలామంది పేరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అక్షరాల అచ్చు ఇంటికి పట్టుకెళతారు. యుద్ధాన్ని సమర్థించినవారూ వ్యతిరేకించినవారూ ఒకే గోడ ముందు ఆ పని చేశారు.

మన భాషలో అమరుడు అన్న మాట గురించి కూడా నాకు కొంత దిగులు ఉంది. అది గొప్ప మాట, గౌరవంతో పుట్టిన మాట. కాని తరచు వాడే చోట అది మనిషిని ఎత్తైన పీఠం మీద పెట్టి, కింద ఉన్న ఇంటిని మరుగుపరుస్తుంది. అమరుడి భార్య పింఛను కాగితాల కోసం ఎన్ని గడపలు ఎక్కవలసి వస్తుందో, అమరుడి తండ్రి మందులకు ఎవరు తోడు వెళతారో ఆ మాటలో కనిపించదు. మొదటి రోజున వచ్చిన జనం అయిదో ఏట రారు. మామూలు మరణానికి ఇది సహజమే. సమాజమే పంపగా పోయినవాడి ఇంటి విషయంలో అది సహజమని సరిపెట్టుకోవడానికి నేను ఒప్పుకోను.

నేను ఆ సందేశాన్ని మళ్లీ ఎవరికీ పంపలేదు. నా సహోద్యోగి అన్నయ్య పేరు, ఆయన మరణించిన తేదీ మాత్రం అడిగి రాసుకున్నాను, ప్రతి ఏడూ ఆ రోజున ఫోన్ చేస్తాను. మొదటిసారి ఏం మాట్లాడాలో తెలియక నేను తడబడితే ఆయనే అందుకుని, అన్నయ్య సైకిలు నేర్పిన రోజుల గురించి అరగంట చెప్పారు. యుద్ధం ప్రస్తావనే రాలేదు. మూడో ఏట ఇంటికి రమ్మన్నారు. బీరువాలోంచి ఒక అట్టపెట్టె తీసి ఆ టేపు నా చేతికిచ్చారు. అట్ట లోపలివైపు అన్నయ్య దస్తూరితో పాటల వరుస రాసి ఉంది. అందులో ఆరో పాట పక్కన చిన్న అక్షరాలతో, సగం చెరిగిపోయిన పెన్సిల్ రాతలో, "ఇక్కడ మెల్లగా, టేపు నలుగుతుంది" అని ఉంది.